నడిస్తే దమ్మొస్తుంది

పిల్లని మెడిసిన్ చదివిస్తే లాభమేనా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. పాపం, పక్కన పదిహేడేళ్ల పిల్ల తల వంచుకుని కూర్చుంటుంది. తల్లి చేతిలో ర్యాంకు కార్డు ఉంటుంది. తండ్రి నా టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పుతూ ఉంటాడు. ఔననో కాదనో అక్కడికక్కడే చెప్పేయాలి నేను. నా దగ్గర అంత చిన్న జవాబు లేదు. ఉన్నదల్లా ఒక ముసలావిడ సంగతి. అది చెప్పాలంటే టైము పడుతుంది, బయట పేషెంట్లు విసుక్కుంటారు. అందుకని "మీ ఇష్టమండీ" అనేసి పంపించేస్తాను. ఇక్కడ ఎవరూ విసుక్కోరు కాబట్టి తీరిగ్గా చెబుతాను.

మా వాళ్లది కోస్తా. నాన్న ఎరువుల కంపెనీ ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చేనాటికి నాకు పదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ పక్కన, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక కాలనీలో ఒక ఇంటి పైవాటాలో దిగాం. కింద ఇంటివాళ్లు ఉండేవారు: ఒక ముసలావిడ, ఆవిడ కొడుకు, కోడలు. ఆ కాలనీ కాలనీ కాకముందు వాళ్ల పొలమే. జిరాక్స్ షాపు వైపు చెయ్యి చూపించి "గీడ మా బాయి ఉండె, గాడ దాక మా వరి ఉండె" అనేది ఆవిడ. నేను ఆవిడను మా పద్ధతిలో "మామ్మగారూ" అని పిలిచేదాన్ని. "మామ్మేంది బిడ్డా, అవ్వ అనరాదూ" అని నవ్వేది. నేను మామ్మగారనే అంటూ పోయాను. మేడ మీద మా భాష మాది, కింద వాళ్ల భాష వాళ్లది, బడిలో ఇంగ్లీషు. అన్నేళ్లలో ఆ మెట్లు లెక్కలేనన్నిసార్లు దిగాను గానీ, ఆవిడ మాట్లాడేది చెవిన పెట్టి విన్నది తక్కువ. పెద్దవాళ్లు పలకరిస్తే నవ్వి, తల ఊపి, వెళ్లిపోతాం కదా, అలా.

ఇంటర్ అయ్యాక రెండేళ్లు లాంగ్ టర్మ్ చేశాను. సీటొచ్చేదాకా అవే పుస్తకాలు, అవే బిట్లు పిల్లల చేత మళ్లీ మళ్లీ నమిలించే కోచింగ్ అది. దిల్‌సుఖ్‌నగర్‌లో వీధికి రెండు ఉండేవి. రెండో ఏడు నగరంలోనే ఒక ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది. నాన్న ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చేసినా, అవతలివాళ్లు హలో అనేలోపే "మా అమ్మాయి డాక్టరండీ" అనడం మొదలుపెట్టాడు. మామ్మగారు కొంగునిండా బత్తాయిలు తెచ్చి మా గడప మీద పోసి, "మా ఇంట్ల డాక్టరమ్మ ఉన్నదిగ, ఇగ నాకేం పికర్" అంది. అప్పటికి నేను శవాన్ని కూడా ముట్టుకోలేదు.

మొదటి సంవత్సరం ఎలాగో గట్టెక్కాను. రెండో సంవత్సరంలో వార్డులకు పంపడం మొదలుపెట్టాక నా పని అయిపోయింది. పుస్తకంలో గుండె గురించి నాలుగు పేజీలు రాయమంటే బొమ్మతో సహా రాసేదాన్ని. మంచం మీద మనిషి కూర్చుని "పెయ్యంత గుంజుతుంది" అంటే నోరు వెళ్లబెట్టేదాన్ని. మా వైపు పెయ్య అంటే ఆవుదూడ. "దూడని ఎవరు లాగుతున్నారు?" అని అడిగితే వార్డు వార్డంతా నవ్వింది. ఒళ్లంతా పీకుతోందని చెప్పడమట అది. ఢిల్లీ నుంచి రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చి, మళ్లీ వెనక్కి పోయిన చలికాలం అది. క్లాసులో ఎవరు ఎక్కడివాళ్లో, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో అందరికీ తెలుస్తూనే ఉండేది. నేను నోరు విప్పితే చివర ఒక "అండీ" జారేది, వెనక బెంచీలో ఎవరో దగ్గేవారు. నిజం చెప్పాలంటే వాళ్లు నన్ను పెద్దగా ఏమీ అనలేదు. నాకే రోషం ఎక్కువ. నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు అప్పటికే ఇంజనీరింగ్ చివరి ఏట ఉంది, ఇంకో ఆరు నెలల్లో ఉద్యోగం అంటోంది. నాకింకా మూడేళ్ల పైచిలుకు చదువు, ఆపైన హౌస్ సర్జన్, ఆపైన పీజీకి మళ్లీ ఎంట్రన్స్. ఇరవై ఒక్కేళ్లకే ముసలిదాన్నైనట్టు అనిపించేది.

అందుకని మానేద్దామని తేల్చుకున్నాను. డిగ్రీలో చేరి బ్యాంకు పరీక్షలు రాసుకుంటే చాలు. నాన్న క్యాంపులో ఉన్నాడు, బందుల వల్ల బస్సుల్లేక అక్కడే ఆగిపోయాడు. ఫోన్‌లో "మీరు ఆదివారం వచ్చాక ఒక మాట చెప్పాలి" అన్నాను. "మంచి మాటేనా?" అన్నాడు. "వచ్చాక చెబుతాను" అన్నాను. ఏం చెప్పాలో వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను.

కాలేజీ బంద్ కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ ఆదివారానికి పది రోజుల ముందు, మెట్ల దగ్గర మామ్మగారు ఎదురైంది. ఆవిడకు అంతకుముందు వారం జ్వరం వచ్చి తగ్గింది.

"ఎలా ఉందండీ మామ్మగారూ ఇప్పుడు?" అన్నాను.

"ఏముంది బిడ్డా, జెరం పోయింది. జర నడిస్తె దమ్మొస్తుంది."

దమ్ము అంటే నాకు తెలిసింది ఒకటే. "దమ్ముంటే రా" అంటారే, ఆ దమ్ము. సత్తువ. జ్వరంతో నీరసించిపోయిన మనిషికి నడుస్తుంటే సత్తువ వస్తోందన్నమాట. సంతోషించాను.

"మంచిదే కదా!" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మంచిదేనా?"

"మంచిదే. జ్వరం తగ్గాక అలాగే వస్తుంది మెల్లమెల్లగా. కూర్చోకుండా రోజూ నడవండి. ఎంత నడిస్తే అంత వస్తుంది."

"ఒచ్చి ఒచ్చి అదే పోతదంటవ్."

నేను ఆ మాట సగమే విన్నాను. "ఆఁ ఆఁ, నడవండి" అని పైకి వెళ్లిపోయాను. నాకు భలే గర్వంగా ఉంది. వార్డులో ఎవరూ నన్ను లెక్కచేయకపోతేనేం, ఇక్కడ ఒకావిడ నా సలహా వింది.

మర్నాటి నుంచి మామ్మగారు పొద్దున్నే ఇంటి చుట్టూ నడక మొదలుపెట్టింది. గేటు, నీళ్ల సంపు, వెనక బాత్రూమ్ గోడ, మళ్లీ గేటు. పైనుంచి పళ్లు తోముకుంటూ చూసేదాన్ని. రెండు చుట్లకోసారి గోడకు చెయ్యి ఆనించి నిలబడేది, నోరు తెరిచి ఊపిరి పీల్చేది. చెమటలు కారేవి. వ్యాయామం అంటే చెమట పట్టాలి కదా అనుకున్నాను. కాళ్లకు చెప్పులు పట్టడం లేదని వాకిట్లోనే వదిలేసి వట్టి కాళ్లతో నడిచేది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. అది కూడా చూశాను. చూడడమంటే కళ్లతో చూశాను, అంతే. పైకి చూసి చెయ్యి ఊపేది. నేను బొటనవేలు ఎత్తి చూపించేదాన్ని. ఆ బొటనవేలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున, నాన్న రావడానికి ఒక రోజు ముందు, కింద కోడలి కేక వినిపించింది. దిగి వెళ్లేసరికి మామ్మగారు సంపు మూత మీద కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మాట రావడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా లోపల బుడబుడమని చప్పుడు. పడుకోబెడదామంటే రెండు చేతులతో తోసేస్తోంది. ఆరోజు బంద్. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఆవిడ కొడుకు తన కారు తీశాడు. కోడలూ నేనూ వెనక సీట్లో ఆవిడను అటూ ఇటూ పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టాం. ఎల్బీనగర్‌లో ఒక నర్సింగ్‌హోమ్ తెరిచి ఉందని తెలిసింది.

కొత్తపేట దాటగానే రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా చేయడం ఉద్యమంలో ఒక పద్ధతి. "నువ్ మాట్లాడకు బిడ్డా, నేను జెప్త" అని కొడుకు కారు దిగాడు. దిగాడు గానీ, ఊరికే చేత్తో కారు వైపు చూపిస్తున్నాడు. మామ్మగారి తల నా భుజం మీద బరువెక్కుతోంది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను: "ఆవిడకి ఊపిరి ఆడట్లేదండీ! దారివ్వండి!"

ఆ "అండీ" నోట్లోంచి వచ్చేశాక ఇక చేసేదేముంది. మెడలో కండువా ఉన్న ఒకాయన నన్ను చూశాడు, మామ్మగారిని చూశాడు, వెనక్కి తిరిగి "ఏయ్, గంజు లేపుండ్రి!" అని గట్టిగా కేకేశాడు. నలుగురు తువ్వాళ్లు చుట్టుకుని కుతకుతమంటున్న అన్నం గిన్నెను ఎత్తి పక్కన పెట్టారు. ఇంకెవరో మండుతున్న కట్టెలను కాలితో తోశారు. గరిట పట్టుకున్న ఒకావిడ "పో బిడ్డా, జల్ది పో" అంది నాతో. ఎవరిది ఏ ఊరని ఎవరూ అడగలేదు.

నర్సింగ్‌హోమ్‌లో డ్యూటీ డాక్టరు కుర్రాడు, నల్లగొండ వైపు మనిషి. ఆక్సిజన్ పెట్టించి, ఇంజెక్షన్ చేసి, అప్పుడు అడిగాడు: "ఎన్ని దినాల సంది దమ్ము?"

"పది పన్నెండు దినాలైతుంది సార్" అంది కోడలు. "పండుకుంటె అస్సలు ఊపిరాడదు. గోడకు ఒరిగి కూసునే నిద్రపోతుంది. ఆ దమ్ముతోటే మల్ల పొద్దుగాల్ల ఇంటి సుట్టు నడుసుడు."



"దమ్ముతోని నడుస్తున్నదా?" డాక్టరు గొంతు పెరిగింది. "ఎవలు నడువుమన్నరు?"

కోడలికి తెలియదు. కొడుక్కి తెలియదు. మామ్మగారు ముఖం మీది మాస్కు పక్కకు జరుపుకుంది. నా వైపు చూడలేదు.

"ఎవ్వలు జెప్పలే. నా అంతట నేనే నడిసిన."

నేనేం చేశానో చెప్పుకోవాలి కదా. ఏమీ చేయలేదు. నోరు మూసుకుని నిలబడ్డాను. అందరూ పక్కకు వెళ్లాక డాక్టరు దగ్గరికి వెళ్లి, "సార్, దమ్ము అంటే ఆయాసమా?" అని అడిగాను.

"మరి ఇంకేంది? ఏ ఊరు మీది?"

"దిల్‌సుఖ్‌నగర్."

ఆయన నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం కొడుకుతో నిజం చెప్పాను, నర్సింగ్‌హోమ్ మెట్ల మీద. ఆయన నెమ్మదైన మనిషి, ఎప్పుడూ గొంతు ఎత్తి ఎరగడు. ఆ రోజూ ఎత్తలేదు. "పదేండ్లాయె మా ఇంట్ల ఉండవట్టి" అన్నాడు. "రోజు మాట్లాడుతం. గీ ఒక్క ముక్క తెల్వదా? అంటె ఎన్నడు ఇనలేదన్నట్టే కదా మా మాట." వెళ్లడానికి లేస్తూ అన్నాడు: "నువ్ డాక్టర్ కాకుంటెనే మంచిది బిడ్డా. కోపంతోని అంటలే."

అది విని నాకు ఏడుపు రాలేదు. తేలికపడ్డాను. మానేయడానికి అంతకంటే మంచి కారణం ఎక్కడ దొరుకుతుంది? నాన్న సాయంత్రానికి వస్తాడు. మామ్మగారికి క్షమాపణ చెప్పి, ఇంటికి వెళ్లి, నాన్నతో మాట్లాడేస్తే అయిపోతుంది.

మామ్మగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే "రా బిడ్డా. నాకేమైందో నువ్వన్న జెప్పు. ఆ సార్లు ఇంగ్లీషుల మాట్లాడుకుంట పోతున్నరు" అంది.

క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. చెప్పడం మొదలుపెట్టాను. గుండె బలహీనపడిందని, రక్తాన్ని సరిగా ముందుకు తోయలేకపోతోందని, అందువల్ల నీరు ఊపిరితిత్తుల్లోనూ కాళ్లలోనూ చేరుతోందని. నాలుగు పేజీలు రాసిన విషయం నాలుగు మాటల్లో చెప్పడానికి చెమటలు పట్టాయి. ఆవిడ శ్రద్ధగా విని, "గట్లనా" అంది. "అంటె మోటర్ గుంజుతలేదు. నీళ్లు ముంగటికి పోక ఎక్కడియక్కడ నిలవడ్డయ్."

"అంతేనండి! సరిగ్గా అదే!"

"గట్ల జెప్పరాదు మరి. మా బాయికాడ ఎన్నిసార్లు జూడలే."

"ఈ తెల్ల మాత్ర ఉందే, అది ఆ నిలబడ్డ నీళ్లను బయటికి పంపేస్తుంది."

"గందుకేనా ఒంటేలుకు ఊకె లేసి పోవుడు?"

"అందుకే. మాత్ర పనిచేస్తోందన్నమాట."

ఆవిడ అటూ ఇటూ చూసి, దిండు కిందికి చెయ్యి పోనిచ్చి, చిన్న కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. లోపల ఆ తెల్ల మాత్రలు రెండు ఉన్నాయి. "గా గోలి ఏసుకున్నప్పటి సంది ఊకె లేవాల్నాయె. కోడలికి తిప్పలని దాస్తున్న. గిదెవ్వలు జెప్పలే నాకు."

 రెండేళ్లుగా చదివినదాంట్లో ఒక్క ముక్క మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చింది. ఆవిడ మాత్ర వేసుకునేదాకా నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చెప్పాను, నడవమన్నది నేనేనని, మాట అర్థంకాక అలా అన్నానని, చదువు మానేస్తున్నానని.

"ఎందుకు ఇడిసిపెడ్తవ్?"

"మీకు చేసింది చాలదా?"

"నాకు జేసినవ్ గాబట్టే సదువు" అంది. "ఇంకో ముసల్దానికి జెయ్యవ్ ఇగ. ఇంకెన్నేండ్లు?"

"మూడేళ్లు. ఇంకాస్త ఎక్కువే."

"అందాక నీ గోలీలు ఏసుకుంట ఉంట తీయ్."

సాయంత్రం నాన్న వచ్చి, సంచీ కింద పెట్టకుండానే "ఏదో చెప్పాలన్నావు?" అన్నాడు. సిద్ధం చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "కిందింటి మామ్మగారికి బాగాలేదు నాన్నా" అన్నాను.

ఆ తర్వాత మూడేళ్లు నాకు ఇద్దరు మేష్టర్లు. కాలేజీలో ఒకరు, ఇంటి మెట్ల మీద ఒకరు. సోయి అంటే స్పృహ. రంది అంటే లోపల తొలిచే దిగులు. బుగులు అంటే భయం. మామ్మగారు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆవిడ కాళ్లు నొక్కి వాపు చూసేదాన్ని, ఉప్పు ఎక్కువ తింటే తిట్టేదాన్ని. దొంగతనంగా మామిడికాయ తొక్కు తినేది. నేను పట్టుకుంటే "నువ్ జూడలే అనుకో" అనేది. నేను ఆవిడను అవ్వా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. వార్డులో ఆవిడ మాటలతో అడిగితే పేషెంట్లు మనసు విప్పి చెప్పేవారు. కోస్తా పిల్లలు నా నోటుబుక్కు జిరాక్స్ తీయించుకున్నారు.

చదువు మాత్రం అలాగే పిండేసింది. పెద్దమ్మ కూతురి పెళ్లిలో వడ్డిస్తున్నప్పుడు కూడా నడుముకు పాఠాల చీటీలు దోపుకుని ఉన్నాను. స్నేహితురాలు ఉద్యోగంలో చేరి స్కూటీ కొని, ఒక పూట ఎక్కించుకుని నాగోల్ దాకా తిప్పి తెచ్చింది. ఆ పూట ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. కింద నుంచి అవ్వ "ఏమైందే" అని కేకేసింది. "ఏం లేదు" అన్నాను. నాకంటే తెలివైన ఇద్దరు మధ్యలో మానేశారు, హాయిగా ఉన్నారు. వాళ్లది తప్పని నేనెప్పుడూ అనను.

ఫైనలియర్ మెడిసిన్ ప్రాక్టికల్స్ నాటికి రాష్ట్రం ఇంకా రాలేదు. మెట్రో కోసం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా తవ్వేశారు. పరీక్ష రోజు పొద్దున్నే తెల్లకోటు మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగాను. రోజూ ఆ టైముకి అవ్వ వరండాలో ఉంటుంది. ఆ రోజు తలుపు దగ్గరగా వేసి ఉంది. గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగాను. చలికి ఇంకా లేవలేదేమోలే అనుకుని వెళ్లిపోయాను.

పరీక్ష బాగా చేశాను. ఎగ్జామినర్ ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. ఆ మాట అవ్వకు చెప్పాలని మూసారాంబాగ్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ నాలో నేనే నవ్వుకున్నాను. సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా కడుతున్నారు. గేటు బయట చెప్పులే చెప్పులు.

కొడుకు గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పరీక్ష మంచిగైందా?" అన్నాడు.

"అయింది అంకుల్" అన్నాను. 

"తెల్లారంగనే దగ్గుతోని దమ్ము లేసింది. ఎన్నడు లేనంత. నిన్ను పిలుస్తనని నేను లేసిన, చెయ్యి పట్టుకొని గుంజి కూసోబెట్టింది. పిల్ల నన్ను జూస్తె పోదురా, పరీక్షకు పోనియ్ అన్నది" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని మళ్లీ అన్నాడు: "నువ్ గేటు కాడ ఆగినవ్ సూడు. గప్పుడు కొంగు నోట్లె కుక్కుకున్నది బిడ్డా, నీకు దగ్గు ఇనవడొద్దని."